తెలియని రేపటికి ఈవేళ గేటు ఎంత ఎత్తాలి?

ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక దగ్గర గోదావరి నీరు మధ్య డెల్టా ప్రధాన కాలువలోకి దిగుతుంది. లొల్ల లాకుల దగ్గర చీలి, అమలాపురం వైపూ గన్నవరం వైపూ సాగి, పంట బోదెల మీదుగా ఉప్పుగాలి తగిలే శివారు చేలదాకా చేరాలి. దాళ్వాలో పొట్ట మీదున్న వరి వచ్చే వారం ఎంత నీరు అడుగుతుందన్నది ఎండను బట్టి, గాలిని బట్టి, ఎగువ రైతు ఎన్ని మడులు తడుపుకున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇవేవీ ఈవేళ తెలియవు. గేటు మాత్రం ఈవేళే ఎత్తాలి. కాలువలో మార్పు సెకనుకు ఒక మీటరు చొప్పున కదులుతుందనుకున్నా, 60 కిలోమీటర్ల దూరం చేరడానికి దాదాపు 17 గంటలు పడుతుంది. దారిలో లాకులు, తూములు, పూడిక, గుర్రపుడెక్క ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. శివారు చేను నెర్రె తీసిందని కబురు వచ్చాక ఎత్తిన గేటు ఆ తడికి అందదు.

చమురు శుద్ధి కర్మాగారం, కాగితం మిల్లు, సిమెంటు బట్టీ, సాగునీటి కాలువ పైకి వేరుగా కనిపించినా ఇంజనీరుకు ఎదురయ్యే చిక్కు ఒక్కటే. చేసిన పనికి ఫలితం ఆలస్యంగా వస్తుంది, ఈలోగా పరిస్థితి మారిపోతుంది, మారుతుందని ముందే తెలిసినా ఎంత మారుతుందో తెలియదు. దీనికోసం గత యాభై ఏళ్లలో పెరిగిన విద్యను మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్ అంటారు. ఈ వ్యాసంలో ముందుచూపు నియంత్రణ అందాం. అది ఎక్కడ పుట్టింది, అనిశ్చితిని ఎలా పట్టుకోవాలని చూసింది, మన డెల్టాకు అందులో ఏది పనికొస్తుంది అన్నవి ఇక్కడి ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెబుతాను. అనిశ్చితిని ఏ లెక్కా తుడిచెయ్యలేదు. ఒకచోటి నుంచి తీసి ఇంకొకచోట పెట్టగలదు, అంతే. గోదావరి కాలువల్లో ఆ భారం తరతరాలుగా శివారు రైతు మీదే పడుతోంది. కొత్త లెక్కలు వచ్చాక కూడా అక్కడే పడితే ఆ లెక్కల వల్ల మనకు ఒరిగేది లేదు.

ముందుచూపు అన్నిచోట్లా అవసరం లేదు. ఆత్రేయపురానికి 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చిన పూతరేకునే తీసుకుందాం. బోర్లించిన కుండ కింద మంట, పలుచని బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క పూత. మంట హెచ్చితే రేకు చిట్లుతుంది, తగ్గితే కుండను వదలదు. పిండి చిక్కదనం, గాలిలో తేమ రోజూ మారుతూనే ఉంటాయి. అయినా రేకు తీసే ఆవిడకు ఏ భవిష్యత్ అంచనా అక్కర్లేదు. చేసినదాని ఫలితం కొన్ని సెకన్లలో కళ్లెదుట కనిపిస్తుంది, మంట సర్దుకుని తరువాతి రేకు వేస్తుంది. ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అనేది ఇదే. ఫలితం వెంటనే కనిపించే చోట అనిశ్చితి ఎంతున్నా అనుభవమున్న చేయి చాలు.

రాజమహేంద్రవరం కాగితం మిల్లులో కథ మారుతుంది. గుజ్జు వాల్వు ఒకచోట ఉంటుంది. ఆ గుజ్జు జల్లెడ మీద పరుచుకుని, ప్రెస్సుల మధ్య నలిగి, ఆవిరి సిలిండర్ల మీద ఆరి, చివరన స్కానరు కిందికి వచ్చాకగానీ బరువెంతో తేమెంతో తెలియదు. తేమ ఎక్కువైందని అప్పుడు ఆవిరి పెంచితే దాని ప్రభావం కనిపించేలోగా బోలెడు కాగితం దాటిపోయి ఉంటుంది. తొందరపడి మళ్లీ పెంచితే ఈసారి మరీ ఆరిపోతుంది. ఇలా సరిదిద్దే చెయ్యే ఊగిసలాటకు కారణమవుతుంది. ఒట్టో స్మిత్ 1957లో దీనికొక ఉపాయం చెప్పాడు: ఇప్పటికే చేసి, ఇంకా ఫలితం రాని పనులను లెక్కలో గుర్తుపెట్టుకోవాలి. 1960లలో స్వీడన్‌లోని బిల్లెరుడ్ కాగితం మిల్లులో కార్ల్ ఆస్ట్రోమ్ మరో అడుగు వేశాడు. గుజ్జులో వచ్చే హెచ్చుతగ్గులను ఊరికే గోలగా వదిలెయ్యకుండా వాటి తీరును గణాంకాలతో అంచనా కట్టి, ఊగిసలాట అతి తక్కువగా ఉండేలా నియంత్రణ నిర్మించాడు.

ఆ పని విలువ ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. కాగితంలో తేమ 8 శాతం దాటకూడదనుకుందాం. తేమ అటూ ఇటూ ఒకటిన్నర శాతం ఊగుతుంటే మిల్లు 6.5 శాతం దగ్గర గురి పెట్టుకోవాలి. ఊపును అర శాతానికి తగ్గిస్తే గురిని 7.5కి జరపవచ్చు. ఆ ఒక్క శాతమే మిల్లుకు ఆవిరిలో, గుజ్జులో మిగులు. హద్దుకూ గురికీ మధ్య వదిలే జాగా, మనకు తెలియనిదానికి కట్టే వెల. ఈ జాగాను మనసులో ఉంచుకుంటే మిగతా చర్చంతా సులువుగా అందుతుంది.

ముందుచూపు నియంత్రణ విశ్వవిద్యాలయాల కంటే ముందు ఫ్యాక్టరీల్లో ఊపిరి పోసుకుంది. ఫ్రాన్స్‌లో జాక్ రిషాలే బృందం తమ పద్ధతిని 1978లో ప్రకటించింది. అమెరికాలో షెల్ కంపెనీ ఇంజనీర్లు కట్లర్, రమాకర్ 1970లలోనే రిఫైనరీలో వాడిన పద్ధతిని 1979లో బయటపెట్టారు. ఈ పద్ధతుల ఆయువుపట్టు చాలా సరళం. ఇప్పటి స్థితిని కొలవాలి. రాబోయే కొన్ని గంటలకు ఏయే వాల్వు ఎంత తిప్పితే ఏమవుతుందో నమూనాతో లెక్కగట్టాలి. ఉష్ణోగ్రత, పీడనం, వాల్వు సామర్థ్యం వంటి హద్దులు దాటకుండా అన్నిటికంటే లాభమైన వరుసను ఎంచుకోవాలి. ఆ వరుసలో మొదటి అడుగు మాత్రమే వేయాలి. మరుసటి నిమిషం మళ్లీ కొలిచి, మిగిలిన వరుసను పక్కనపెట్టి, కొత్తగా మొదలుపెట్టాలి. 1999 చివరికే ప్రపంచంలో ఇలాంటివి 4,500కు పైగా నడుస్తున్నాయని చిన్, బాడ్జ్‌వెల్ 2003 నాటి సర్వేలో తేల్చారు. ఇలా నడిపితే ప్రక్రియ అదుపు తప్పదని గణితపరంగా స్థిరపరిచిన పనిని మేన్, రాలింగ్స్, రావు, స్కోకర్ట్ ఒకచోట చేర్చింది 2000లో. వాడుక ముందు నడిచింది, రుజువు వెనక వచ్చింది.

ఆ తొలి పద్ధతుల్లో అనిశ్చితికి ఇచ్చిన జవాబు నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. నా లెక్క ఇంత చెప్పింది, కొలత ఇంత చూపింది, ఈ తేడా ఇకముందూ ఇలాగే ఉంటుందనుకుని లెక్కను జరుపుకుంటాను. అంతే. ఏ సంభావ్యతా సూత్రమూ లేదు. అయినా పరిశ్రమలు పొందిన లాభంలో పెద్ద వాటా ఈ ఒక్క సర్దుబాటు, హద్దులను ముందే చూడగలగడం కలిసి తెచ్చిందే. తరువాతి దశాబ్దాల గంభీర సిద్ధాంతాలను చదివేటప్పుడు ఈ సంగతి మరువకూడదు. ప్రతి అడుగూ మళ్లీ కొలిచి వేసేవాడికి దూరపు అంచనా కొంత తప్పినా ప్రమాదం లేదు. కొలవనివాడిని ఎంత గొప్ప అంచనా అయినా కాపాడలేదు.

కాలువలో తెలియనివి

మన కాలువలో తెలియనివి ఒక్క తీరువి కావు, ఒక్కో తీరుకు ఒక్కో మందు. వాన, ఎండ, రైతుల అవసరం బయటి నుంచి వచ్చే ఒడుదొడుకులు. వీటి గురించి అందరూ మాట్లాడతారు. అంతకంటే మొండిది కాలువ తానే మారిపోవడం. గుర్రపుడెక్క అల్లుకున్న కాలువలో నీటి నడక మందగించి మట్టం పైకి లేస్తుంది. స్కేలు నిండుగా చూపిస్తుంది, పారే నీరు మాత్రం తగ్గిపోయి ఉంటుంది. స్కేలు చూసి లెక్కవేసే ఆఫీసుకు కాలువ నిండుగా ఉన్నట్టే, శివారున బోదె ఎండుతూనే ఉంటుంది. మట్టాన్ని ప్రవాహంగా మార్చే పట్టిక డెక్క తీసిన రోజుకు ఒకటి, డెక్క పట్టిన నెలకు మరొకటి కావాలి. నమూనాలోని తప్పు అంటే ఇదే. ఎన్ని వాన సూచనలు తెచ్చినా ఇది పోదు. ఇక గేటు విషయం. అడుగు ఎత్తమంటే తుప్పు పట్టిన మర నిజంగా ఎంత ఎత్తిందో తెలియకపోతే మిగతా లెక్కంతా వృథా.

1960లో ఫెల్డ్‌బామ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఒక లోతైన మాట చెప్పాడు. తెలియని వ్యవస్థను నడిపేవాడు దాన్ని అదుపు చెయ్యాలి, అదే సమయంలో పరీక్షిస్తూ నేర్చుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. పరీక్ష కోసం గేటును కదిపితే అదుపు కాస్త చెడుతుంది, కదపకపోతే కాలువ ఎలా మారిందో తెలియదు. దీని పూర్తి గణిత పరిష్కారం ఈనాటికీ చిన్న చిన్న ఉదాహరణలకే అందుతుంది. ఆచరణలో మాత్రం సులువైన దారి ఉంది. సీజను మొదట్లో కాలువలు వదిలిన రోజుల్లో పొలాల ఒత్తిడి ఇంకా పెరగకముందే గేటును తెలిసినంత కదిపి, ఆ మార్పు ఏ లాకు దగ్గరికి ఎన్ని గంటలకు వచ్చిందో రాసుకుంటే చాలు. ఆ ఏడాది కాలువ తీరు దొరుకుతుంది.

నీటి రాక వైపు మరో తెలియనిది ఉంది. దాళ్వాలో గోదావరి సహజ ప్రవాహం సన్నగిల్లాక డెల్టా చాలావరకు సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు వదిలే నీటి మీద బతుకుతుంది. ఆ నీరు శబరి మీదుగా గోదావరిలో కలిసి ధవళేశ్వరం బ్యారేజీ చేరడానికి రోజులు పడుతుంది. అంటే కరెంటు అవసరం చూసి ఎక్కడో తీసుకున్న నిర్ణయం కొన్ని రోజుల తరువాత బొబ్బర్లంక తూము ముందు మట్టంగా ప్రత్యక్షమవుతుంది. సర్దుకోవడానికి బ్యారేజీలో నిల్వా పెద్దది కాదు, సుమారు 3 టీఎంసీలు. మూడు డెల్టాల కాలువలు కలిపి రోజుకు పదివేల క్యూసెక్కులు తీసుకుంటే ఆ నిల్వ లెక్కకు మూడున్నర రోజుల నీరు. మట్టం పడిపోతే తూముల్లోకి నీరు ఎక్కదు కనుక వాడుకోగలిగేది అంతకన్నా తక్కువ. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టుకు ఇంత సన్నని ఆసరా. ఇంత తక్కువ నిల్వతో నడిచే వ్యవస్థకే ముందుచూపు ఎక్కువ కావాలి.

చెడ్డరోజు లెక్క, సగటు రోజు లెక్క

1980ల నుంచి ఈ రంగంలోని పరిశోధన ఎక్కువగా రెండు పాయలుగా సాగింది. ఒక పాయ చెడ్డరోజును చూసి భయపడమంటుంది. కాంపో, మొరారీ 1987లో ప్రతిపాదించిన పద్ధతిలో, జరగడానికి వీలున్న అన్నిటిలోకీ అధ్వాన్నమైనది ఊహించుకుని దానికి తట్టుకునే నిర్ణయం తీసుకోవాలి. రసాయన రియాక్టరు పేలే ప్రమాదమున్న చోట ఇది ధర్మం. కాలువలో దీన్నే పాటిస్తే ఏమవుతుంది? నీరు చాలకపోవడమే అధ్వాన్నం అనుకుంటే ఎప్పుడూ నిండుగా వదలాలి. అప్పుడు మిగులు నీరంతా మురుగు కాలువల్లోకి పోయి, అసలే డ్రెయిన్లు పూడిన కోనసీమ పల్లపు చేలు మునుగుతాయి. ముంపే అధ్వాన్నం అనుకుంటే ఎప్పుడూ తక్కువ వదలాలి. అప్పుడు శివారు ఎండుతుంది. రెండు చెడ్డరోజులు ఎదురెదురుగా నిలిచిన చోట భయం ఒక్కటే దారి చూపదు.

ఈ పాయలోనే వచ్చిన ఒక మెరుగైన ఆలోచన నాకు మన కాలువలకు దగ్గరిదనిపిస్తుంది. మేన్, సెరాన్, రాకోవిచ్ 2005లో స్థిరపరిచిన పద్ధతి అది. అందులో నిర్ణయం రెండు పొరలుగా ఉంటుంది. పై పొర ఏ ఒడుదొడుకూ లేదనుకుని ఒక మూల ప్రణాళిక వేస్తుంది, కానీ హద్దులను ముందే కాస్త లోపలికి జరుపుకుంటుంది. కింది పొర క్షణక్షణం కొలుస్తూ అసలు స్థితిని ఆ ప్రణాళిక చుట్టూ ఒక గొట్టం లాంటి పరిధిలో పట్టి ఉంచుతుంది. గొట్టం ఎంత వెడల్పో ముందే తెలుసు కనుక పై పొర నిశ్చింతగా ఉండవచ్చు. డెల్టాలో ఈ రెండు పొరలూ ఏనాటి నుంచో ఉన్నాయి. ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులో ఆఫీసు చెబుతుంది. లాకు దగ్గర లస్కరు మట్టం చూసుకుంటూ తలుపులు సర్దుతాడు. వాటి మధ్య ఒప్పందం మాత్రం కాగితం మీద లేదు. లస్కరు ఎంతవరకు సొంతంగా సర్దవచ్చు, ఏ మట్టం దాటితే పైకి కబురు చెయ్యాలి, దిగువ లాకుకు ముందే ఎంత తెలియజెయ్యాలి అన్నవి రాసి పెడితే ఆ గొట్టానికి వెడల్పు వస్తుంది. దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు.

రెండో పాయ సంభావ్యతను నమ్ముతుంది. చార్న్స్, కూపర్ 1959లో రాసిన పద్ధతిని తీసుకుని, హద్దు ఎప్పుడూ దాటకూడదు అనే బదులు వంద రోజుల్లో అయిదు రోజులకు మించి దాటకూడదు అంటుంది. నిర్ణయాలు నేలకు దిగుతాయి, హద్దుకూ గురికీ మధ్య జాగా తగ్గుతుంది, నీరు మిగులుతుంది. లెక్కకు సంభావ్యతల అసలు ఆకారం తెలియాలి కదా అంటే 2006లో కలఫియోరె, కంపి చూపిన దారి ఉంది. జరగగల రేపులను కొన్ని వందలు మచ్చులుగా తీసుకుని, వాటన్నిటికీ నిలిచే నిర్ణయాన్ని ఎంచుకుంటే చూడని రేపులకు కూడా ఎంతవరకు నిలుస్తుందో హామీ ఇవ్వవచ్చు.

ఈ మచ్చుల దారిలో తొలి అడుగులు వేసినవారిలో గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్ ఒకరు. తరువాత హైదరాబాద్ ఐఐటీలో పనిచేసిన ఆయన, యంత్రాలు నేర్చుకునే తీరుకు సంబంధించిన గణితాన్ని నియంత్రణ శాస్త్రంలోకి తెచ్చి 2001లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో చాలామందికి పునాది. ఈ తరహా లెక్కలోని అందం చూడండి. ఒక నియంత్రణ ఎంత శాతం సార్లు విఫలమవుతుందో 5 శాతం తేడాకు మించకుండా, 99 శాతం నమ్మకంతో తెలుసుకోవాలంటే 1060 మచ్చులు చాలు. తెలియని అంశాలు మూడున్నా మూడు వందలున్నా ఆ సంఖ్య మారదు. వాన, ఎండ, డెక్క, పూడిక, సీలేరు, తూములు అంటూ తెలియనివాటి జాబితా పెరుగుతూ పోయే మన కాలువకు ఇది పెద్ద ఊరట.

అయితే ఈ పాయను నేను ఒక షరతు మీదే ఒప్పుకుంటాను. వందలో అయిదు రోజులు అన్నప్పుడు ఆ అయిదు రోజులూ ఎవరివి? రిఫైనరీలో హద్దు దాటిన ప్రతిసారీ నష్టం ఒకే యజమానిది. కాలువలో అలా కాదు. లొల్ల పక్కన ఉన్న చేనుకు వందకు వంద రోజులూ నీరు అందుతుంది. అయిదు రోజుల లోటు ప్రతిసారీ అదే శివారు మడులకు వెళ్తుంది. అవి పొట్ట దశలోనో ఈనికలోనో పడితే ఆ రైతుకు అది అయిదు శాతం నష్టం కాదు, పంటంతా పోవడం. సగటున అన్నీ బాగున్నాయని చెప్పే లెక్క ఇక్కడ అన్యాయాన్ని కప్పిపుచ్చుతుంది. కాబట్టి కాలువ మొత్తానికి ఒక సంభావ్యత పెట్టడం మాని ప్రతి శివారు తూముకూ విడిగా హద్దు రాయాలి. ఒకసారి లోటు పడినవారికి తరువాతి వంతులో ముందు వరుస ఇవ్వాలి. ఇలా రాస్తే గణితం కాస్త బరువెక్కుతుంది, ఇప్పటి కంప్యూటర్లకు అది లెక్కలోనిది కాదు. ఈ రంగంలో ఇన్ని ప్రయోగాలు జరిగినా భారం ఎవరి మీద పడుతోందన్న ప్రశ్నకు దక్కిన చోటు చిన్నది. ఈ విద్య ఒకే యజమాని ఉన్న కర్మాగారాల్లో పెరగడమే అందుకు కారణమనుకుంటాను.

మరో తేడా కూడా ఉంది. వాన మన అంచనాను పట్టించుకోదు, రైతు పట్టించుకుంటాడు. వంతు రోజున నీరు వస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఎగువ రైతు దొరికిన రోజునే రెండు వంతుల నీరు మడిలో నిలబెడతాడు, అవసరమైతే ఇంజను పెట్టి తోడుకుంటాడు. అందులో అతని తప్పు లేదు, అప్పు చేసి పంట వేసిన మనిషి మరోలా చెయ్యలేడు. దానితో కింది వంతు తప్పుతుంది, నమ్మకం ఇంకా తగ్గుతుంది. అంటే ఇక్కడి ఒడుదొడుకులో కొంత భాగం నియంత్రణ తీరు వల్లనే పుడుతోంది. దీన్ని వాన లాంటి బయటి గోలగా లెక్కలో వేసుకుంటే నమూనా ఎప్పటికీ సరికాదు. వంతు మాట నిలబడిన కాలువలో అనిశ్చితి దానంతట అదే తగ్గుతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధరలు, కూలీలు, ముంపు అన్నీ కారణాలే. మొత్తంగా చూస్తే అది వ్యవస్థ మీద నమ్మకం పోయినవారు చేసిన పని.

వరదకు ముందుచూపే ఉంది, అదుపు లేదు

ఇదే బ్యారేజీ దగ్గర ఆగస్టులో ప్రశ్న తలకిందులవుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు కలిపి 175 గేట్లు. పెద్ద వరదలో వాటన్నిటినీ పూర్తిగా ఎత్తేస్తారు. ఆ తరువాత తిప్పడానికి చేతిలో ఏమీ ఉండదు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడి నుంచి దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది, లంకలు మునిగాయి.

పోలవరం పూర్తయితే ఈ వరదను ఆపవచ్చని ఆశించేవారు ఒక లెక్క చూడాలి. ఆ జలాశయం పూర్తి నిల్వ 194 టీఎంసీలు. 25 లక్షల క్యూసెక్కుల వరద ఒక్క రోజులో తెచ్చే నీరు 216 టీఎంసీలు. మొత్తం ఖాళీగా ఉన్నా ఒక్క రోజుకు సరిపోదు. 48 గేట్ల ఆ స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు కట్టింది వరదను దాటించడానికి, దాచడానికి కాదు. కాబట్టి వరద రోజుల్లో ముందుచూపు వల్ల చెయ్యగలిగింది మనుషులను, పశువులను కదిలించడమే. భద్రాచలం దగ్గర మట్టం తెలిశాక డెల్టాకు దొరికే వ్యవధి సుమారు ఒక రోజు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకాల్లో వాన అంచనాలను కలుపుకుంటే ఇంకో రెండు మూడు రోజులు దొరుకుతాయి, కానీ ఆ అంచనాలకు పొరపాటు పరిధి పెద్దది. ఆ పరిధిని దాచకుండా చెప్పడం మంచిది. రేపు రెండో హెచ్చరిక దాటే అవకాశం పదిలో ఏడు పాళ్లు అంటే లంక రైతు పశువులను గట్టెక్కించాలా వద్దా తానే తేల్చుకోగలడు. ఖాయమని చెప్పి రాకపోతే మరుసారి కదలడు.

వరద అంచనాలోనూ కాలువ లెక్కలోనూ ఇటీవల అంతా కృత్రిమ మేధ మాటే. పాత రికార్డుల నుంచే నమూనాను నేర్చుకునే పద్ధతులకు విలెమ్స్ బృందం 2005లో వేసిన గణిత పునాది ఉంది, దాని మీద గట్టి పని జరుగుతోంది. ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి నిమిషానికొక కొలత పోగైన చోట ఇవి రాణిస్తాయి. కాలువలో పోగైనవి పూటకొకసారి పుస్తకంలో రాసిన అంకెలు. పైగా పాత రికార్డులో లేనిది ఈ పద్ధతులకు తెలియదు. పెద్ద వరద అంటే ఆగస్టు అనుకునే చోటికి 2022లో జులై నెలలోనే వచ్చింది.

ఇతర దేశాల కాలువలు

ప్రవహించే కాలువకు సమీకరణాలు సెయింట్ వెనా 1871లోనే ఇచ్చాడు. నియంత్రణకు అవి మరీ బరువు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో షూర్మన్స్ ప్రతి కాలువ ముక్కనూ కొంత ఆలస్యం, దాని చివర ఒక నిల్వ అని కుదించాడు. వాన్ ఓవర్‌లూప్ 2006 సిద్ధాంత గ్రంథంలో దాని మీద ముందుచూపు నియంత్రణను కట్టాడు. తరువాత అక్కడే వచ్చిన ఇంకో ఆలోచన నాకు నచ్చింది. వాన అంచనాలు ఒక్కటి కాక యాభై వచ్చినప్పుడు, అవి ఏ గంట నుంచి విడివడతాయో చూసి అంతవరకే ఉమ్మడి నిర్ణయం తీసుకోవడం. రేపు తెలిసేదాన్ని ఈవేళ తేల్చెయ్యనక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం, రూబికాన్ సంస్థ కలిసి తెచ్చిన గేట్లు ప్రవాహాన్ని అవే కొలుచుకుంటూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మన పొరుగున కర్ణాటకలోని నారాయణపుర ఎడమ కాలువకు ఆ పద్ధతే వచ్చింది. అందరి కళ్లూ సౌరశక్తితో నడిచే ఆ గేట్ల మీద పడతాయి. ఆస్ట్రేలియాలో ఆ వ్యవస్థ నిలబడటానికి కారణం గేట్లొక్కటే కాదు. అక్కడ రైతు తనకు ఏ రోజు ఎంత నీరు కావాలో ముందే ఆర్డరు పెడతాడు, ప్రతి తూముకూ కొలత ఉంటుంది. పెద్ద అనిశ్చితి సగం అక్కడే పోతుంది. కోనసీమలో కమతాలు చిన్నవి, తూములు లెక్కకు మిక్కిలి, ఏ ఒక్కదానికీ మీటరు లేదు. గేట్లను తెచ్చి ఆ ఆర్డరు పుస్తకాన్ని వదిలేస్తే ఖర్చు మిగులుతుంది, నీరు మిగలదు. రైతు రైతుకూ కుదరకపోయినా బోదె బోదెకూ ఆ పుస్తకం పెట్టవచ్చు. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు ఇంతకంటే తగిన పని నాకు కనిపించదు.

ఇదంతా చూశాక నా తీర్పు ఇది. డెల్టా కాలువల్లో మనుషులను తీసేసి గేట్లను కంప్యూటరుకు అప్పగించే వేళ రాలేదు. నాకు తెలిసినంతలో ఆ అవసరం కూడా లేదు. లాకు దగ్గర లస్కరు ఉండాలి, అతనికి దిగువన ఏం జరుగుతోందో తెలియాలి. తొలి రూపాయి శివారు తూముల దగ్గర మట్టాన్నీ ప్రవాహాన్నీ గంట గంటకూ పంపే కొలత పరికరాలకు వెళ్లాలి, తలుపుల మోటార్లకు తరువాత. ముందుచూపు లెక్కను ఒక దాళ్వా అంతా సలహాగా మాత్రమే నడపాలి. ఏ రోజు ఏ లాకుకు ఏం చెప్పింది, నిజంగా ఏమైంది అన్నది పక్కపక్కనే పెట్టి ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద ఉంచాలి. అలా ఒక సీజను నిలబడిన లెక్కకే గేటు మీద చెయ్యి వేసే అర్హత ఇవ్వాలి.

రాబోయే సాగునీటి సలహా మండలి సమావేశంలో నీరు ఏ తేదీన వదులుతారని అడుగుతూనే, ఆ తేదీ తరువాత ఎన్ని గంటలకు మా తూముకు చేరుతుంది, చేరని పక్షంలో తరువాతి వంతులో మాకు ఎంత ముందు వరుస ఇస్తారు అని శివారు గ్రామాల రైతులు అడగాలి. జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించుకోవాలి.